ఫ్రీ ఎక్స్‌పాన్షన్‌లో క్యూ సున్నా కదా, మరి ఎంట్రోపీ ఎలా పెరిగింది?

వాయుకణం (ప్రశ్న)

థర్మోడైనమిక్స్ నియమాలు విడివిడిగా చదివితే అర్థమైనట్టే ఉంటున్నాయి. ఒకే లెక్కలో మొదటి నియమం, రెండో నియమం కలిసి వచ్చేసరికి మాత్రం చిక్కు పడుతోంది. లెక్క ఇది (వాయువు శూన్యంలోకి వ్యాపించే ‘ఫ్రీ ఎక్స్‌పాన్షన్’):

ఉష్ణం లోపలికి రాని, బయటికి పోని గట్టి పెట్టె. మధ్యలో అడ్డుగోడ. ఒక సగంలో 300 కెల్విన్ దగ్గర 1 మోల్ ఏకపరమాణుక ఆదర్శ వాయువు, రెండో సగం శూన్యం. అడ్డుగోడ తీసేస్తే వాయువు పెట్టె అంతా నిండుతుంది. చివరి ఉష్ణోగ్రత ఎంత? ఎంట్రోపీ మార్పు ఎంత?

నేను చేసింది:

ఒకటి, క్యూ (వాయువుకి అందిన ఉష్ణం) = 0 కాబట్టి ఇది ఎడియబాటిక్. టీ × వీ^(గామా − 1) మారదు, గామా (రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి, సీపీ/సీవీ) 5/3. ఘనపరిమాణం రెట్టింపయింది కాబట్టి 300 / 2^(2/3) = 189 కెల్విన్.

రెండు, డీఎస్ = డీక్యూ / టీ. క్యూ సున్నా, కాబట్టి ఎంట్రోపీ మార్పు కూడా సున్నా.

పుస్తకం చివర ఇచ్చిన జవాబు: 300 కెల్విన్, 5.76 జౌల్/కెల్విన్. రెండూ తప్పాయి. పైగా ‘వాయువు చేసిన పని సున్నా’ అని కూడా ఉంది. లోపల పీడనం ఉంది, ఘనపరిమాణం పెరిగింది, అలాంటప్పుడు పీ డీవీ సున్నా ఎలా అవుతుంది? సూత్రాలన్నీ పుస్తకంలోవే వాడాను.

పిస్టన్

సూత్రాలు పుస్తకంలోవే, కానీ మూడింటికీ పక్కన ఒక షరతు ఉంటుంది: ప్రక్రియ రివర్సిబుల్ అయి ఉండాలి, అంటే ప్రతి క్షణం దాదాపు సమతాస్థితిలోనే ఉంటూ, వచ్చిన దారినే వెనక్కి తిప్పగలిగేంత నిదానంగా జరగాలి. కాపీలో సూత్రం దిగింది, షరతు దిగలేదు. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు పని సంగతి. వాయువు చేసే పనిని బయటి నుంచి కొలవాలి: బయట ఎదురొస్తున్న పీడనం × ఘనపరిమాణంలో మార్పు. ఇక్కడ ఎదురుగా ఉన్నది శూన్యం, నెట్టడానికి ఏమీ లేదు. పెట్టె గోడలు కదల్లేదు. అడ్డుగోడని పక్కకి లాగారు గానీ వాయువు దాన్ని తోయలేదు. కాబట్టి డబ్ల్యూ = 0. మీరు రాసిన పీ డీవీలో ‘పీ’ అంటే వాయువు సొంత పీడనం. అది బయటి పీడనానికి ప్రతి క్షణం సమానంగా ఉన్నప్పుడే (చెప్పాలంటే వెంట్రుకవాసి తేడాతో) రెండూ ఒకటవుతాయి. పైగా అడ్డుగోడ తీసిన మరుక్షణం వాయువుకి ‘ఒక’ పీడనం అంటూ ఉండదు. ఓ మూల ఎక్కువ, ఓ మూల తక్కువ, మధ్యలో హోరుగా ప్రవాహం. సూత్రంలో పెట్టడానికి ఒకే విలువ దొరకదు.

తరవాత మొదటి నియమం: డెల్టా యూ = క్యూ − డబ్ల్యూ. (డబ్ల్యూ అంటే వాయువు చేసిన పని. కెమిస్ట్రీ పుస్తకాల్లో వాయువు మీద జరిగిన పనిని డబ్ల్యూ అంటారు, అక్కడ గుర్తు ప్లస్ అవుతుంది. ఏదైనా సరే, లెక్క మొదలుపెట్టే ముందు ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండండి.) క్యూ సున్నా, డబ్ల్యూ సున్నా, కాబట్టి అంతర్గత శక్తిలో మార్పు లేదు. ఆదర్శ వాయువు అంతర్గత శక్తి ఉష్ణోగ్రత ఒక్కదాని మీదే ఆధారపడుతుంది. కాబట్టి చివరికీ 300 కెల్వినే. మొదటి నియమానికి ప్రక్రియ రివర్సిబులా కాదా అన్న పట్టింపు లేదు. ఎంత గందరగోళంగా జరిగినా అది వర్తిస్తుంది.

మీ 189 ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే ఆ సూత్రాన్ని ఒకసారి రాబట్టి చూడండి. సీవీ డీటీ = − పీ డీవీ అని మొదలుపెట్టి (సీవీ అంటే ఘనపరిమాణం మారనప్పటి మోలార్ విశిష్టోష్ణం, ఏకపరమాణుక వాయువుకి 1.5 ఆర్ = 12.47; ఆర్ అంటే వాయు స్థిరాంకం, 8.314), పీ స్థానంలో ఆర్‌టీ / వీ పెడతారు. అంటే బయటి పీడనం స్థానంలో వాయువు సొంత పీడనం పెట్టేశారు. షరతు ఆ ఒక్క అడుగులో ఉంది. ఉష్ణబంధకం చుట్టిన సిలిండర్‌లో పిస్టన్‌ని నిదానంగా వెనక్కి రానిస్తే 189 కెల్విన్ వస్తుంది. మన పెట్టెలో పిస్టనే లేదు. ‘ఎడియబాటిక్’ అంటే క్యూ సున్నా అని మాత్రమే. టీ × వీ^(గామా − 1) వాడాలంటే అది రివర్సిబుల్ కూడా అయి ఉండాలి.

ఇక ఎంట్రోపీ. సరైన వాక్యం ఇది: డీఎస్ = డీక్యూ (రివర్సిబుల్) / టీ. ఏ ప్రక్రియకైనా వర్తించేది క్లాసియస్ అసమానత: డీఎస్ ≥ డీక్యూ / టీ. ఇక్కడ టీ అంటే ఉష్ణం ఇచ్చిపుచ్చుకునే సరిహద్దు దగ్గరి ఉష్ణోగ్రత. క్యూ సున్నా అయితే అది చెప్పేది ‘ఎంట్రోపీ తగ్గదు’ అని మాత్రమే. మారదు అని చెప్పడం లేదు.

మరి 5.76 ఎలా వచ్చింది? ఎంట్రోపీ స్థితి ప్రమేయం. మొదటి స్థితి (300 కెల్విన్, వీ), చివరి స్థితి (300 కెల్విన్, 2వీ) తెలిస్తే చాలు, మధ్యలో ఏం జరిగిందన్నది అనవసరం. కాబట్టి అవే రెండు కొసల్ని కలిపే ఏదో ఒక రివర్సిబుల్ దారి ఎంచుకుని దాని మీద లెక్కకట్టాలి. అన్నిటికన్నా తేలిక ఐసోథర్మల్ (ఉష్ణోగ్రత మారని) దారి: వాయువుని 300 కెల్విన్ ఉష్ణాశయానికి ఆనించి, పిస్టన్‌ని మెల్లగా వదలడం. అప్పుడు

క్యూ = డబ్ల్యూ = ఆర్‌టీ × లాగ్ 2 = 8.314 × 300 × 0.693 = 1729 జౌల్

ఎంట్రోపీ మార్పు = 1729 / 300 = 5.76 జౌల్/కెల్విన్ (లాగ్ అంటే ఇక్కడంతా సహజ లాగరిథమే).

నమ్మకం కుదరకపోతే వేరే దారిలో వెళ్లి చూడండి. ముందు రివర్సిబుల్ ఎడియబాటిక్‌గా 2వీ వరకు: 189 కెల్విన్‌కి దిగుతుంది, ఎంట్రోపీ మార్పు 0. తరవాత ఘనపరిమాణం కదలకుండా 189 నుంచి 300 వరకు వేడి చేయడం: సీవీ × లాగ్(300/189) = 12.47 × 0.462 = 5.76. అదే అంకె.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఇంకొకటి ఉంది. వాయువు ఎంట్రోపీ కోసం ఊహించుకున్న దారిలోని 1729 జౌళ్లని పరిసరాల లెక్కలో కూడా వేసి, పరిసరాలు −5.76, మొత్తం సున్నా అని రాసేస్తారు. అలా రాస్తే ఫ్రీ ఎక్స్‌పాన్షన్ రివర్సిబుల్ అయిపోతుంది! వ్యవస్థ ఎంట్రోపీకి ఊహా దారి, పరిసరాలకి నిజంగా అందిన ఉష్ణం. ఇక్కడ పరిసరాలు ఇచ్చిందీ లేదు, పుచ్చుకున్నదీ లేదు, కాబట్టి అక్కడ సున్నా. మొత్తం +5.76.

వక్రరేఖ

పైన చెప్పినదానికి ఒక చిన్న చేర్పు, ఎందుకంటే తరవాతి అధ్యాయంలో ఇది మళ్లీ తగులుతుంది.

డీయూ = టీ డీఎస్ − పీ డీవీ అనే సమీకరణం కనిపిస్తుంది. దాని పక్కన రివర్సిబుల్ అనే షరతు ఉండదు, ఉండక్కర్లేదు కూడా. అందులో ఉన్నవన్నీ స్థితి రాశులే, కాబట్టి దగ్గరదగ్గరగా ఉన్న ఏ రెండు సమతాస్థితుల మధ్యనైనా అది నిజం. టీ డీఎస్‌ని ‘క్యూ’ అనీ, పీ డీవీని ‘డబ్ల్యూ’ అనీ చదివితేనే రివర్సిబుల్ షరతు వచ్చిపడుతుంది.

మీ లెక్కకే వేసి చూడండి. కొసలు రెండూ 300 కెల్విన్ గీత మీదే ఉన్నాయి. ఆ గీత వెంట డీయూ = 0, కాబట్టి టీ డీఎస్ = పీ డీవీ. రెండింటినీ కూడితే చెరో 1729 జౌళ్లు. నిజంగా జరిగిన క్యూ సున్నా, డబ్ల్యూ సున్నా. సమీకరణం తప్పలేదు, టీ డీఎస్ ఇక్కడ ఉష్ణం కాదు, అంతే. ఇది ఒక్కసారి పట్టుబడితే ఎంథాల్పీ (యూ + పీవీ), హెల్మ్‌హోల్ట్జ్, గిబ్స్ శక్తుల దగ్గర పని సగం తగ్గుతుంది.

ఒక హెచ్చరిక: పీ-వీ పటంలో ఫ్రీ ఎక్స్‌పాన్షన్‌ని గీతగా గీయకండి. రెండు చుక్కలు పెట్టండి, మధ్యలో ఖాళీ వదిలేయండి, కావాలంటే చుక్కల గీత. గట్టి గీత గీస్తే దాని కింది వైశాల్యమే పని అనిపిస్తుంది, మీ మూడో సందేహం అక్కడి నుంచే పుడుతుంది.

వాయుకణం

చాలా థాంక్సండీ ఇద్దరికీ. షరతు సంగతి ఇప్పుడు అర్థమైంది. కానీ ఒక అనుమానం. పూర్తిగా రివర్సిబుల్ అయితే 189, పూర్తిగా శూన్యంలోకి వదిలేస్తే 300. మధ్యస్థంగా, అంటే బయట కొంత పీడనం ఉండి, పిస్టన్‌ని ఒక్కసారిగా వదిలేస్తే? అది కూడా క్యూ = 0 కదా. ఏ సూత్రం వాడాలి?

పిస్టన్

మంచి ప్రశ్న. దానికి ప్రత్యేక సూత్రం ఏదీ అక్కర్లేదు, మొదటి నియమం ఒక్కటి చాలు.

అదే వాయువు, అదే 300 కెల్విన్. పిస్టన్‌ని మేకుతో బిగించి ఉంచారు. బయట స్థిర పీడనం, దాన్ని పీ2 అందాం. మేకు తీస్తే పిస్టన్ దూసుకెళ్లి, కాస్త అటూఇటూ ఊగి, లోపలి పీడనం కూడా పీ2 అయిన చోట ఆగుతుంది. సరిగ్గా ఘనపరిమాణం రెట్టింపైన చోట ఆగేలా పీ2 ఎంచుకున్నామనుకోండి.

వాయువు చేసిన పని = పీ2 × (2వీ − వీ) = పీ2 × వీ. చివరి స్థితిలో పీ2 × 2వీ = ఆర్ × టీ2, కాబట్టి పని = ఆర్ × టీ2 / 2.

క్యూ = 0 కాబట్టి ఈ పనంతా అంతర్గత శక్తి నుంచే రావాలి: 1.5 ఆర్ × (300 − టీ2) = 0.5 ఆర్ × టీ2. అంటే 450 = 2 × టీ2, టీ2 = 225 కెల్విన్.

పని 12.47 × 75 = 935 జౌల్. ఎంట్రోపీ మార్పుకి రెండు కొసలు వాడండి: సీవీ × లాగ్(225/300) + ఆర్ × లాగ్ 2 = −3.59 + 5.76 = 2.17 జౌల్/కెల్విన్.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ ఎడియబాటిక్కే, మూడింటిలోనూ వాయువు వీ నుంచి 2వీకే వెళ్లింది.

నిదానంగా: పని 1384 జౌల్, చివరి ఉష్ణోగ్రత 189, చివరి పీడనం మొదటి దానిలో 0.315 వంతు, ఎంట్రోపీ మార్పు 0.

ఒక్కసారిగా, స్థిర పీడనానికి ఎదురుగా: పని 935, ఉష్ణోగ్రత 225, పీడనం 0.375 వంతు, ఎంట్రోపీ మార్పు 2.17.

శూన్యంలోకి: పని 0, ఉష్ణోగ్రత 300, పీడనం సగం, ఎంట్రోపీ మార్పు 5.76.

మొదటి నియమాన్ని అడిగితే ఈ మూడూ సరే అంటుంది, ఆ మాటకొస్తే 150 కెల్విన్‌కి చల్లబడినా సరే అంటుంది, ఆ శక్తికి తగ్గ పని బయటికి వస్తే చాలు. 189 కన్నా కిందికి కుదరదు అని చెప్పేది రెండో నియమం. 150 పెట్టి ఎంట్రోపీ కట్టి చూడండి: 12.47 × లాగ్(150/300) + 5.76 = −2.88. క్యూ సున్నా ఉండగా ఎంట్రోపీ తగ్గడం కుదరదు. కాబట్టి ఉష్ణం తగలకుండా రెట్టింపు ఘనపరిమాణానికి వెళ్లే వాయువు నుంచి రాబట్టగలిగే పని గరిష్ఠంగా 1384 జౌల్. ఎంత తెలివైన యంత్రం పెట్టినా అంతే. రెండో నియమాన్ని ‘అస్తవ్యస్తత పెరుగుతుంది’ అని బట్టీ పట్టేకన్నా ఈ పరిమితిగా చూస్తే లెక్కల్లో ఎక్కువ పనికొస్తుంది.

రాగిపాత్ర

ఇంతవరకూ అందరూ ఆదర్శ వాయువు మీదే మాట్లాడారు. ప్రయోగం వైపు నుంచి కొంచెం.

ఇది నిజంగా చేసి చూసినవాడు జౌల్, 1845లో. రెండు రాగి పాత్రలు, మధ్య కవాటం, ఒకదాంట్లో దాదాపు 22 అట్మాస్ఫియర్ల గాలి, రెండోది ఖాళీ. రెండింటినీ నీటిలో ముంచి కవాటం తెరిచాడు. నీటి ఉష్ణోగ్రతలో కొలవదగ్గ మార్పు కనిపించలేదు. దాని నుంచే ‘వాయువు అంతర్గత శక్తి ఘనపరిమాణం మీద ఆధారపడదు’ అనే మాట వచ్చింది. ఆదర్శ వాయువుకి అది కచ్చితం. నిజమైన గాలికి కాదు, కాస్త చల్లబడుతుంది. నీరు, రాగి కలిసిన ఉష్ణధారకత ముందు లోపలి గాలిది ఏ మూలకీ చాలదు కాబట్టి ఆ తేడా థర్మామీటరుకి అందలేదు.

తేడా ఎంతుంటుందో వాన్ డర్ వాల్స్ సమీకరణంతో అంచనా కట్టవచ్చు (అందులో ‘ఏ’ అణువుల మధ్య ఆకర్షణని చూపే స్థిరాంకం). 1 మోల్‌కి ఉష్ణోగ్రత మార్పు = −(ఏ / సీవీ) × (1/వీ1 − 1/వీ2). నైట్రోజన్‌కి ఏ = 0.137 (ఎస్‌ఐ ప్రమాణాల్లో), సీవీ = 20.8. 300 కెల్విన్, 1 బార్ దగ్గర వీ1 = 0.0249 ఘనమీటర్లు. రెట్టింపు చేస్తే దాదాపు 0.13 కెల్విన్ తగ్గుదల. అణువులు దూరం జరిగేటప్పుడు వాటి మధ్య ఆకర్షణని తెంచుకోవడానికి పట్టిన శక్తి అది. కాబట్టి పరీక్షలో ‘ఆదర్శ వాయువు’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. ఉంటే 300, లేకపోతే ప్రశ్నే వేరు.

జౌల్ ఇంకో పని కూడా చేశాడు, దాని గురించి తరగతిలో ఎవరూ చెప్పరు. రెండు పాత్రల్నీ వేరువేరు నీటి తొట్లలో పెట్టి చూశాడు. గాలి ఖాళీ అవుతున్న పాత్ర చుట్టూ నీరు చల్లబడింది, గాలి చేరుతున్న పాత్ర చుట్టూ నీరు వేడెక్కింది, రెండూ కలిపితే సరిపోయాయి. మీ లెక్కలో మొత్తం మార్పు సున్నా అయినా మధ్యలో ఎంత జరుగుతుందో ఇది చూపిస్తుంది. అంకెలతో చూస్తే: రెండూ సమానమైన పాత్రలు, ఏకపరమాణుక వాయువు, 300 కెల్విన్, గోడలకి ఉష్ణం పోదు, రెండు పాత్రల వాయువుల మధ్య కూడా ఉష్ణం మారే లోపే పీడనాలు సమానమయ్యాయి అనుకోండి. మొదటి పాత్రలో మిగిలిన వాయువు, ముందు వెళ్లిపోయిన వాయువుని నెడుతూ రివర్సిబుల్ ఎడియబాటిక్‌గా వ్యాకోచించింది. పీడనం సగం కాబట్టి దాని ఉష్ణోగ్రత 300 × (1/2)^0.4 = 227 కెల్విన్. అందులో మిగిలింది 0.66 మోల్. రెండో పాత్రలో చేరిన 0.34 మోల్ ఉష్ణోగ్రత 441 కెల్విన్! తరవాత రెండూ సర్దుకుని 300కి వస్తాయి. ‘ఫ్రీ ఎక్స్‌పాన్షన్‌లో ఉష్ణోగ్రత మారదు’ అంటే మొదటి సమతాస్థితి, చివరి సమతాస్థితి పోలిస్తే మారదు అని అర్థం.

దీన్ని జౌల్-థామ్సన్ ప్రయోగంతో కలపకండి. అందులో వాయువుని రంధ్రాలున్న అడ్డు గుండా నిలకడగా నెడతారు. అక్కడ ఒక పక్క పని లోపలికి వస్తుంది, ఇంకో పక్క బయటికి పోతుంది, మారకుండా ఉండేది ఎంథాల్పీ. అంతర్గత శక్తి కాదు. మామూలు ఉష్ణోగ్రత దగ్గర నైట్రోజన్ అక్కడ చల్లబడుతుంది, హైడ్రోజన్ వేడెక్కుతుంది. హైడ్రోజన్ చల్లబడాలంటే ముందు దాన్ని సుమారు 200 కెల్విన్ కిందికి తీసుకెళ్లాలి.

సూక్ష్మస్థితి

5.76 ఎందుకు వస్తోందో అణువుల వైపు నుంచి రెండు ముక్కలు. ప్రతి అణువుకీ ఇప్పుడు రెట్టింపు చోటు. ఎన్ అణువులుంటే స్థానాల అమరికల సంఖ్య 2^ఎన్ రెట్లవుతుంది. బోల్ట్జ్‌మన్ సూత్రం ప్రకారం (కే అంటే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం) ఎంట్రోపీ మార్పు = కే × లాగ్(2^ఎన్) = ఎన్ × కే × లాగ్ 2. ఒక మోల్‌కి ఎన్ × కే అంటే ఆర్, కాబట్టి 8.314 × 0.693. క్యూ ప్రస్తావనే రాలేదు చూడండి.

వెనక్కి ఎందుకు రాదన్నదీ ఇక్కడే తెలుస్తుంది. 10 అణువులైతే అన్నీ ఒకే పేర్కొన్న సగంలో దొరికే అవకాశం 1024లో ఒకటి, ఓపిక పడితే చూడొచ్చు. 100 అణువులైతే దాదాపు 8 × 10^−31. మోల్‌కి ఇక లెక్క అనవసరం.

వాయుకణం

ఇప్పుడు చాలా తేటపడింది. చివరిగా ఒక్కటి. సూపర్‌కూల్డ్ నీరు (0 డిగ్రీల కిందికి దిగినా ఇంకా ద్రవంగానే ఉన్న నీరు) −10 డిగ్రీల సెల్సియస్ దగ్గర దానంతటదే గడ్డకడుతుంది కదా. నీరు మంచుగా మారితే ఎంట్రోపీ తగ్గాలి. నేను 6010 / 263 = 22.8 అని కట్టాను. నీరు −22.8, పరిసరాలు +22.8, మొత్తం సున్నా వస్తోంది. దానంతటదే జరిగేదానికి సున్నా రాకూడదు కదా?

పిస్టన్

రాకూడదు. అదే ఉచ్చు ఇంకో వేషంలో వచ్చింది. −10 దగ్గర గడ్డకట్టడం రివర్సిబుల్ కాదు, కాబట్టి ఉష్ణాన్ని 263తో భాగిస్తే నీటి ఎంట్రోపీ రాదు. పైగా 6010 జౌల్/మోల్ అనేది 0 డిగ్రీల దగ్గరి గుప్తోష్ణం, −10 దగ్గర అంత ఉండదు. ఒకే గీతలో రెండు తప్పులు.

అవే కొసల మధ్య రివర్సిబుల్ దారి కట్టండి. 1 మోల్‌కి, నీటి విశిష్టోష్ణం 75.3, మంచుది 37.6 జౌల్/మోల్-కెల్విన్:

నీటిని 263.15 నుంచి 273.15కి వేడి చేయడం: 75.3 × లాగ్(273.15/263.15) = +2.81

0 డిగ్రీల దగ్గర గడ్డకట్టించడం, ఇది రివర్సిబులే: −6010 / 273.15 = −22.00

మంచుని తిరిగి −10కి దించడం: −37.6 × 0.0373 = −1.40

నీటి ఎంట్రోపీ మార్పు −20.59 జౌల్/కెల్విన్.

ఇప్పుడు పరిసరాలు. నిజంగా బయటికి వచ్చిన ఉష్ణం కావాలి. పీడనం స్థిరంగా ఉన్నప్పుడు ఉష్ణం అంటే ఎంథాల్పీ మార్పే, కాబట్టి అదే మూడు అడుగుల్లో ఎంథాల్పీ కూడండి: 753 − 6010 − 376 = −5633 జౌల్. పరిసరాలు పెద్దవి, −10 దగ్గరే ఉంటాయి: 5633 / 263.15 = +21.41. మొత్తం +0.8 జౌల్/కెల్విన్. చిన్నదే, కానీ ప్లస్సే. అందుకే దానంతటదే గడ్డకడుతోంది.

ఇదే లెక్కని +10 డిగ్రీల దగ్గర చేసి చూడండి. మొత్తం మైనస్ రావాలి. సరిగ్గా 0 దగ్గర సున్నా వస్తుంది, అక్కడ నీరు, మంచు సమతాస్థితిలో ఉంటాయి కాబట్టి. వ్యవస్థ ఎంట్రోపీ ఎప్పుడూ పెరగాలని రెండో నియమం అనలేదు. వ్యవస్థ, పరిసరాలు కలిపిన మొత్తం గురించే అది మాట్లాడుతుంది.

వక్రరేఖ

ఉష్ణోగ్రత ప్రమాణం గురించి ఒక మాట. పై లెక్కలో 263.15 అని రాశారు గానీ పరీక్ష హడావిడిలో సెల్సియస్ పెట్టేసేవాళ్లు ఎక్కువ. వేడి నీరు, చల్ల నీరు కలపడం లాంటి మొదటి నియమం లెక్కల్లో ఉష్ణోగ్రతల తేడా మాత్రమే వస్తుంది కాబట్టి ఏది వాడినా ఒకటే, దాంతో అలవాటు ముదిరిపోతుంది. ఎంట్రోపీలో నిష్పత్తి వస్తుంది, అక్కడ దొరికిపోతారు.

80 డిగ్రీల నీరు 1 కిలో, 20 డిగ్రీల నీరు 1 కిలో కలిపితే 50 డిగ్రీలు. కెల్విన్‌లో: 4186 × [లాగ్(323.15/353.15) + లాగ్(323.15/293.15)] = 36.2 జౌల్/కెల్విన్. సెల్సియస్‌లోనే వేస్తే 4186 × [లాగ్(50/80) + లాగ్(50/20)] = 1868. రెండూ ప్లస్సే, కాబట్టి గుర్తు చూసి తప్పు పట్టలేరు.

తనిఖీ ఇలా చేయొచ్చు. చేతులు మారిన ఉష్ణం 4186 × 30 = 1,25,580 జౌల్. వేడి నీరు దాన్ని సగటున 338 కెల్విన్ దగ్గర ఇచ్చింది, చల్ల నీరు సగటున 308 దగ్గర పుచ్చుకుంది. 1,25,580 × (1/308 − 1/338) వేస్తే 36 చిల్లర. 1868 దీని దరిదాపుల్లో కూడా లేదు. చల్ల నీరు 0 డిగ్రీలది ఇచ్చి ఉంటే హారంలో సున్నా వచ్చి తప్పు వెంటనే బయటపడేది. 20 ఇస్తే మాత్రం ఈ తనిఖీ చేస్తే తప్ప తెలియదు.